క్రిస్మస్ కానుకల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

కానుక, బహుమతి అన్న రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం గానీ, కాస్త చెవి పెట్టి వింటే వాటి దిశ వేరు. కానుక కింది నుంచి పైకి పోతుంది, దేవుడికో రాజుకో. బహుమతి పై నుంచి కిందికి దిగుతుంది. క్రిస్మస్ ఇచ్చిపుచ్చుకోళ్ళ చరిత్ర చదువుతున్నప్పుడు నాకు పదే పదే తగిలింది ఈ దిశే. ఎవరు ఎవరికి ఇస్తున్నారో చూస్తూ పోతే చాలా ప్రశ్నలకి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

క్రిస్మస్‌కి కానుకలు ఇవ్వడం ఎప్పుడు మొదలైంది?

డిసెంబరు 24 రాత్రో 25 పొద్దున్నో ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకి ఇచ్చే ఇప్పటి పద్ధతి చాలా దేశాల్లో ఇంటింటి ఆచారమై సుమారు రెండు వందల ఏళ్ళే అయింది. అంతకుముందు కానుకలు లేవని కాదు. వాటి రోజులు వేరు. కొన్నిచోట్ల డిసెంబరు 6, చాలాచోట్ల జనవరి 1. క్రీస్తు పుట్టిన రోజుగా డిసెంబరు 25ని పేర్కొన్న తొలి ఆధారం రోములో 354లో కూర్చిన ఒక పంచాంగంలో ఉంది. పండగ అంత పాతది, పండగ కానుక ఇంత కొత్తది.

తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకి కానుకలు తెచ్చారు కదా, మూలం అదే కాదా?

అందరూ చెప్పే జవాబు అదే. మత్తయి సువార్త రెండో అధ్యాయంలో జ్ఞానులు ఇంట్లోకి వచ్చి, శిశువుని చూసి, సాగిలపడి, పెట్టెలు విప్పి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించారని ఉంది. కానీ అది అచ్చమైన కానుక, కింది నుంచి పైకి, రాజుగా భావించిన వాడికి చెల్లించింది. జ్ఞానులు ఒకరికొకరు ఏమీ ఇచ్చుకోలేదు. ఆ సంఘటనని చర్చి డిసెంబరు 25న కాక జనవరి 6న పండగ చేసుకుంది. స్పెయిన్‌లో ఇప్పటికీ పిల్లలు కానుకల కోసం ఎదురుచూసేది ఆ రోజుకే.

కాబట్టి జ్ఞానుల కథ ఈ ఆచారాన్ని పుట్టించిందనడం కంటే, వేరే దారిలో వచ్చిన ఆచారానికి ఆ కథ తర్వాత అండగా నిలిచిందనడం నయం.

జ్ఞానులు ముగ్గురేనా?

సువార్తలో లెక్క లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అయ్యుంటారని తర్వాతివాళ్ళు అనుకున్నారు. కాస్పర్, మెల్కియార్, బల్తజార్ అన్న పేర్లూ తర్వాత వచ్చినవే.

బంగారం సరే, సాంబ్రాణి, బోళం ఎందుకు?

రెండూ చెట్ల జిగుళ్ళు. అరేబియా దక్షిణ భాగంలో, సముద్రానికి అవతల సోమాలియా వైపు పెరిగే చెట్ల నుంచి కారేవి. ఒంటెల మీద వందల మైళ్ళు మోసుకొచ్చేవాళ్ళు కాబట్టి ఖరీదు. సాంబ్రాణి ఆరాధనలో ధూపానికి, బోళం లేపనాలకీ శవసంస్కారానికీ వాడేవాళ్ళు. అందుకే బంగారం రాజుకి, సాంబ్రాణి దేవుడికి, బోళం చనిపోబోయే మనిషికి అని క్రైస్తవ వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు.

రోమన్ల సాటర్నేలియా పండగే క్రిస్మస్ కానుకలైందంటారు. నిజమేనా?

సగం నిజం. సాటర్నేలియా డిసెంబరు 17న మొదలై కొన్ని రోజులు సాగేది. ఆ రోజుల్లో మైనపు వత్తులు, సిగిల్లారియా అనే చిన్న చిన్న మట్టి బొమ్మలు ఇచ్చుకునేవాళ్ళు. మార్షల్ అనే కవి ఒకటో శతాబ్దం చివర్లో ఈ కానుకలకి జోడించి పంపడానికి పనికొచ్చేలా రెండేసి పాదాల పద్యాలు పుస్తకాలు పుస్తకాలుగా రాశాడు. దువ్వెన, పలక, చిలక, ఏదైనా సరే, దానికో పద్యం. ఒక పుస్తకంలోనైతే ధనవంతుడు ఇవ్వగలిగిన వస్తువు తర్వాత పేదవాడు ఇవ్వగలిగిన వస్తువు, మళ్ళీ ధనవంతుడిది, ఇలా వరస కూర్చాడు.

కానీ క్రిస్మస్ కానుకకి దగ్గరి చుట్టం సాటర్నేలియా కాదు, రోమన్ల కొత్త సంవత్సరం. జనవరి మొదటి తేదీన స్ట్రేనా అనే శుభకానుకలు ఇచ్చుకునేవాళ్ళు. మొదట్లో కొమ్మలు, అత్తిపళ్ళు, తేనె. రానురాను నాణేలు. ఏడాది తియ్యగా గడవాలని తేనె ఇవ్వడం దాకా బాగానే ఉంది, నాణేలు వచ్చాక సంగతి మారింది. ఆ మాటే ఫ్రెంచిలో ఎత్రెన్ అయి, కొత్త సంవత్సరపు ఈనాము అన్న అర్థంలో ఇప్పటికీ వాడుకలో ఉంది. పేరుతో సహా బతికింది ఈ జనవరి కానుకే.

మరి తొలినాటి చర్చి దీన్ని ఒప్పుకుందా?

ఒప్పుకోలేదు. గట్టిగా తిట్టింది కూడా. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ తన ప్రసంగంలో క్రైస్తవులు కానివాళ్ళు స్ట్రేనాలు ఇస్తే మీరు పేదలకి దానం చెయ్యండి అన్నాడు. అంతకంటే పదునైన మాటలు ఇప్పటి టర్కీలోని అమాసియాకి బిషప్పుగా ఉన్న ఆస్టేరియస్‌వి. 400 జనవరి ఒకటిన ఆయన చేసిన ప్రసంగం దక్కింది. చిన్నపిల్లలు వెండి తళుకులు అంటించిన పళ్ళు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, వాటి విలువకి రెట్టింపు పుచ్చుకుంటున్నారనీ, పసివయసులోనే బేరం నేర్పుతున్నామనీ ఆయన బాధ. ఇది దానమూ కాదు, ఎందుకంటే పేదవాడికి ఏమీ ముట్టదు. స్నేహమూ కాదు, ఎందుకంటే మనసులో ఇష్టం లేకుండా ఇస్తున్నారు అన్నాడు. పదహారు వందల ఏళ్ళ కిందటి ప్రసంగమంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

మధ్యయుగంలో రాజులు కానుకలు ఇచ్చేవారా?

పుచ్చుకునేవారు అంటే సరిగ్గా ఉంటుంది. ఇంగ్లండు ఆస్థానంలో జనవరి 1న కొలువులోని వాళ్ళంతా రాజుకి కానుక చెల్లించాలి. ఎవరు ఏమిచ్చారో పొడవాటి చర్మపత్రాల మీద రాసి పెట్టేవాళ్ళు. బదులుగా రాజు వెండి పాత్రలు ఇచ్చేవాడు, అదీ మనిషి హోదాని బట్టి తూకం వేసి. మొదటి ఎలిజబెత్ రాణి కాలపు జాబితాల్లో ప్రభువుల బంగారు నాణేల సంచులే కాదు, వంటవాళ్ళు ఇచ్చినవీ ఉన్నాయి. 1562లో పెద్ద వంటవాడు బాదం పిండి, పంచదార కలిపి చదరంగం బల్ల చేసి ఇచ్చాడు.

ఇక్కడ కానుక రాజకీయమే. 1532 కొత్త సంవత్సరానికి ఎనిమిదో హెన్రీకి కేథరిన్ రాణి బంగారు గిన్నె పంపింది. అప్పటికే ఆమెని దూరం పెట్టి విడాకుల కోసం కిందా మీదా పడుతున్న హెన్రీ దాన్ని పుచ్చుకోలేదు. తను పెళ్ళాడాలనుకున్న ఆన్ బొలీన్ ఇచ్చిన ఈటెల్ని మాత్రం పుచ్చుకున్నాడు. ఆ రోజు కొలువులో ఎవరికీ వేరే ప్రకటన అవసరం లేకపోయింది.

సెయింట్ నికొలస్ నిజంగా ఉన్నాడా?

నాలుగో శతాబ్దంలో మైరా పట్టణానికి బిషప్పు ఆయన. ఆ ఊరు ఇప్పుడు టర్కీలో దెమ్రె. ఆయన గురించిన కథలన్నీ చాలా తర్వాత రాసినవే. అన్నిటికంటే పేరు పడ్డది ముగ్గురు కూతుళ్ళ కథ. కట్నాలు ఇచ్చుకోలేక, కూతుళ్ళని వేశ్యావృత్తిలోకి పంపడం తప్ప దిక్కులేదనుకున్న ఒక తండ్రి ఇంట్లోకి నికొలస్ రాత్రివేళ కిటికీలోంచి బంగారం మూట విసిరాడు. ఒక్కో కూతురికి ఒక్కోటి, మొత్తం మూడు సార్లు.

కానుకల చరిత్రలో ఇది పెద్ద మలుపు. ఉన్నవాడు లేనివాడికి ఇస్తున్నాడు, పైగా ఎవరిచ్చారో తెలియనివ్వకుండా ఇస్తున్నాడు. రాత్రి, రహస్యం, ఇంట్లో పిల్లలు, ఈ మూడూ ఈ కథలోనే ఉన్నాయి. 1087లో ఇటలీలోని బారి నావికులు ఆయన అస్థికల్ని మైరా నుంచి పట్టుకుపోయారు. ఆ తర్వాత పశ్చిమ యూరపులో ఆయన పేరు మరింత పాకింది. ఆయన పండగ డిసెంబరు 6. ముందు రాత్రి పిల్లలు బూట్లు బయట పెట్టి పడుకోవడం నెదర్లాండ్స్, జర్మనీ ప్రాంతాల్లో ఆచారమైంది.

మేజోళ్ళు వేలాడదీయడం ఎక్కడిది?

నికొలస్ విసిరిన బంగారం ఆరబెట్టిన మేజోట్లో పడిందని చెప్పే రూపం ఒకటుంది, కానీ అది తర్వాత చేరిన అల్లిక. బూటు పెట్టడమే పాత ఆచారం.

డిసెంబరు 6న ఇచ్చేది 25కి ఎలా జరిగింది?

పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్, ఆయన వెంట నడిచినవాళ్ళు పునీతుల, అంటే సెయింట్ల, ఆరాధనని వ్యతిరేకించారు. నికొలస్ కూడా పునీతుడే. పిల్లలకి కానుకలు ఇచ్చేది నికొలస్ కాదు, బాలక్రీస్తే అని చెప్పడం మొదలుపెట్టారు. జర్మన్‌లో ఆ బాలుడి పేరు క్రిస్ట్‌కిండ్. ఆయన రోజు కాబట్టి కానుకలూ క్రిస్మస్‌కి జరిగాయి.

తమాషా ఏమిటంటే, ప్రొటెస్టెంట్లు తెచ్చిన ఆ క్రిస్ట్‌కిండ్ ఇప్పుడు ఎక్కువగా ఆస్ట్రియా, బవేరియా లాంటి కేథలిక్ ప్రాంతాల్లో వినిపిస్తాడు. జర్మన్ వలసదారులతో అమెరికా చేరిన అదే మాట నోళ్ళలో నలిగి క్రిస్ క్రింగిల్ అయ్యి, చివరికి నికొలస్ నుంచి వచ్చిన గడ్డం తాతకే, అంటే శాంటా క్లాజ్‌కే, ఇంకో పేరుగా మిగిలింది. నికొలస్‌ని పక్కకి నెట్టడానికి తెచ్చిన పేరు తిరిగి తిరిగి నికొలస్‌కే అతుక్కుంది!

క్రిస్మస్‌నే నిషేధించిన కాలం ఉందా?

ఉంది. బైబిల్లో లేని పండగ అనీ, తాగుడుకీ తందనాలకీ సాకనీ ప్యూరిటన్లు అనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు రద్దు చేసింది. 1659లో అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీ క్రిస్మస్ జరుపుకున్నవాళ్ళకి 5 షిల్లింగుల జరిమానా పెట్టింది. 1681లో ఎత్తేసింది. స్కాట్లండులో అయితే 1958 దాకా క్రిస్మస్‌కి సెలవే లేదు.

డిసెంబరు 26ని బాక్సింగ్ డే అంటారు. దానికీ ముష్టియుద్ధానికీ సంబంధం ఉందా?

లేదు. బాక్స్ అంటే ఇక్కడ పండగ మామూళ్ళ డబ్బా. పనివాళ్ళు, దుకాణాల్లో కుర్రాళ్ళు మట్టి డబ్బాలు పట్టుకొచ్చేవాళ్ళు. అలవాటుగా సరుకు కొనేవాళ్ళు అందులో నాణెం వెయ్యాలి. 1663 డిసెంబరులో శామ్యూల్ పెపిస్ తన డైరీలో చెప్పుల దుకాణం కుర్రాళ్ళ డబ్బాలో డబ్బులు వేసినట్టు రాసుకున్నాడు. 1710లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఈ మామూళ్ళతో కొంప మునుగుతోందని ఉత్తరంలో వాపోయాడు, కాఫీ కొట్టు వాళ్ళు రేటు పెంచేశారట. ఇంగ్లండులో 1871 చట్టంతో డిసెంబరు 26 సెలవు దినం అయింది.

క్రిస్మస్ తాత ఎక్కడ పుట్టాడు?

నికొలస్ టర్కీ వాడే గానీ, ఇప్పుడు మనం ఎరిగిన తాత పుట్టింది న్యూయార్కులో, పంతొమ్మిదో శతాబ్దపు మొదటి పాతికేళ్ళలో.

అప్పటి న్యూయార్కులో క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులంటే వీధుల్లో రభస. తాగినవాళ్ళు గుంపులుగా డబ్బున్నవాళ్ళ తలుపులు బాది తిండి, మందు అడిగేవాళ్ళు. ఇవ్వకపోతే అల్లరి చేసేవాళ్ళు. ఇది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత అలవాటే, ఆ నాలుగు రోజులూ పెద్దింటివాళ్ళు పేదింటివాళ్ళకి పెట్టాలన్న లెక్క. ఊరు పెరిగాక, అడిగేవాడి ముఖం ఎవరిదో తెలియనప్పుడు అది బెదిరింపులా కనిపించసాగింది.

ఆ ఊరి పెద్దమనిషి, వ్యాపారి జాన్ పింటార్డ్‌కి ఇది నచ్చలేదు. డచ్చివాళ్ళు కట్టిన ఊరు కాబట్టి డచ్చి వాళ్ళ నికొలస్‌ని ఊరికి పెద్దదిక్కుగా నిలబెట్టాలనుకున్నాడు. 1810 డిసెంబరు 6న న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ తరఫున నికొలస్ పేరున విందు చేసి, ఆయన బొమ్మ అచ్చు వేయించాడు. 1821లో అచ్చయిన ఒక పిల్లల పుస్తకంలో తాత బండికి ఒకే ఒక్క రెయిన్‌డీర్, అంటే మంచు దేశాల దుప్పి, ఉంది. 1823 డిసెంబరు 23న ట్రాయ్ పట్టణపు పత్రికలో రాసినవాళ్ళ పేరు లేకుండా తాత రాక మీద ఒక పద్యం వచ్చింది. క్లెమెంట్ మూర్ దాన్ని తనదిగా 1844లో తన సంపుటిలో వేసుకున్నాడు. హెన్రీ లివింగ్‌స్టన్ రాశాడనేవాళ్ళూ ఉన్నారు, ఆ తగువు ఇంకా తీరలేదు. ఆ పద్యంతో రెయిన్‌డీర్లు ఎనిమిదయ్యాయి, పొగగొట్టం, మేజోళ్ళు, బొమ్మల సంచి అన్నీ ఒక్కచోట చేరాయి. అన్నిటికంటే ముఖ్యం, అది జరిగే రోజు డిసెంబరు 24 రాత్రి అయింది.

ఇప్పుడు దిశ చూడండి. పేదవాడు తలుపు కొట్టి అడిగే పండగ, తలుపు వేసుకుని ఇంట్లో పిల్లలకి ఇచ్చుకునే పండగ అయింది. ఇచ్చే చెయ్యి పైనే ఉంది, పుచ్చుకునే చెయ్యి మారింది. వీధిలో ఉన్నవాడి చోటు సొంత బిడ్డకి వచ్చింది. చరిత్రకారులు చాలామంది పంతొమ్మిదో శతాబ్దపు క్రిస్మస్‌ని ఇలాగే చూస్తారు, నాకూ ఇదే సబబుగా తోస్తుంది.

ఎర్ర కోటు కోకా-కోలా కంపెనీ తొడిగిందేనా?

కాదు. ఈ పుకారుకి ఆయుష్షు ఎక్కువ. కోకా-కోలా కోసం హాడన్ సండ్‌బ్లమ్ బొమ్మలు వెయ్యడం 1931లో మొదలైంది. తాత రూపురేఖల్ని అంతకు చాలా ముందే థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు హార్పర్స్ వీక్లీ పత్రికలో దిద్దాడు. 1863 జనవరి సంచికలో ఆయన వేసిన తాత అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికులకి కానుకలు పంచుతుంటాడు, ఒంటి మీద నక్షత్రాలు, చారల బట్టలు. ఉత్తర ధ్రువం చిరునామా కూడా నాస్ట్ చలవే. పానీయం కంపెనీ ఆ తాతని ఇంకాస్త బొద్దుగా, మామూలు మనిషంత చేసి ప్రపంచమంతా తిప్పింది, అంతే.

దుకాణాలు ఎప్పుడు దిగాయి?

తాత కంటే వెనకేమీ రాలేదు. 1820ల నుంచే పత్రికల్లో క్రిస్మస్ ప్రకటనలు కనిపిస్తాయి. 1890లో మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో జేమ్స్ ఎడ్గర్ అనే దుకాణదారు తానే తాత వేషం వేసుకుని కొట్లో తిరిగాడు. 1939లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ క్రిస్మస్ కొనుగోళ్ళకి ఇంకో వారం దొరకాలని నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగనే వారం ముందుకి జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు, ఆ ఏడు దేశంలో ఆ పండగ రెండు వేర్వేరు రోజుల్లో జరిగింది. గొడవ 1941 చట్టంతో గానీ సద్దుమణగలేదు.

కానుకకి రంగు కాగితం చుట్టడం?

మొదట్లో పల్చటి తెల్ల, ఎరుపు, ఆకుపచ్చ కాగితాలు వాడేవాళ్ళు. 1917లో కాన్సస్ సిటీలో హాల్ సోదరుల దుకాణంలో అవి నిండుకున్నాయి. కవర్ల లోపల అతికించే బొమ్మల కాగితాన్ని ఒక్కో తావు 10 సెంట్లకి అమ్మి చూశారు. అదీ చిటికెలో అమ్ముడుపోయింది. ఆ కంపెనీయే తర్వాత హాల్‌మార్క్. అంటించే పారదర్శక టేపు 1930లో గానీ రాలేదు, అప్పటిదాకా దారం కట్టేవాళ్ళు, లక్క ముద్ర వేసేవాళ్ళు.

ఈ ఖర్చు దండగని ఎవరూ అనలేదా?

ఆస్టేరియస్ నుంచి అంటూనే ఉన్నారు. 1912లో న్యూయార్కులో పనికిరాని కానుకల నివారణ సంఘం అని పెట్టారు, అమెరికా మాజీ అధ్యక్షుడు థియడోర్ రూజ్‌వెల్ట్ కూడా చేరాడు. పేరు వింటే నవ్వొస్తుంది, కానీ వాళ్ళ అసలు గొడవ న్యాయమైనది. దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు తమ చిన్న జీతాల్లోంచి పై అధికారులకి క్రిస్మస్ కానుక కోసం చందా వెయ్యక తప్పేది కాదు. మళ్ళీ కింది నుంచి పైకి!

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త విద్యార్థుల్ని అడిగి లెక్క కట్టాడు. ఇచ్చినవాడు పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పుచ్చుకున్నవాడి దృష్టిలో వృథా అని తేల్చాడు. డబ్బు ఇస్తే ఆ నష్టం ఉండదు. నిజమే గానీ, అమ్మమ్మ అల్లి ఇచ్చిన కోటుకి ధర అడిగే లెక్క అది.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకి పంచిన ఇత్తడి డబ్బాల సంగతేమిటి?

1914లో బ్రిటన్ రాజు అయిదో జార్జి కూతురు మేరీ పేరుతో చందాలు పోగుచేసి ఆ క్రిస్మస్‌కి 4 లక్షలకి పైగా డబ్బాలు పంచారు. మామూలుగా అందులో పొగాకు, సిగరెట్లు, ఒక కార్డు. అందరికీ అవే పంపితే ఎలా అని ఎవరో బుర్రపెట్టి ఆలోచించారు. పొగతాగని వాళ్ళకి మిఠాయి, రాసుకునే సామాను. నర్సులకి చాకొలెట్లు. ఫ్రాన్స్ చలిలో పోరాడుతున్న భారత సైనికుల్లో సిక్కులకి పొగాకు బదులు పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా. డబ్బాలు చాలామంది దాచుకున్నారు. ఇప్పటికీ మ్యూజియాల్లో కనిపిస్తాయి.

అన్ని దేశాల్లో 25నే ఇస్తారా?

లేదు. నెదర్లాండ్స్‌లో డిసెంబరు 5 సాయంత్రం, జర్మనీలో 24 సాయంత్రం. గ్రీసులో సెయింట్ బేసిల్ పేరున జనవరి 1. ఇటలీలో జనవరి 5 రాత్రి బెఫానా అనే ముసలమ్మ చీపురు మీద వచ్చి ఇస్తుంది, అల్లరి పిల్లలకి బొగ్గు. రష్యాలో సోవియట్ ప్రభుత్వం మతం పండగ వద్దని అన్నీ ఆపి, 1935 చివర్లో చెట్టునీ కానుకల్నీ కొత్త సంవత్సరం పేరుతో తిరిగి రానిచ్చింది. రోమన్ల రోజుకే తిరిగి చేరిందన్నమాట, తెలిసి చేసింది కాకపోయినా.

స్వీడన్‌లో క్రిస్మస్ కానుకని యూల్‌క్లాప్ అంటారు. క్లాప్ అంటే తలుపు తట్టడం. తట్టి, వస్తువు లోపలికి విసిరి పారిపోవడం అక్కడి పాత ఆచారం.

ఐస్‌లాండ్‌లో పుస్తకాలే ఇస్తారట?

అవును. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ దిగుమతుల మీద కట్టుబాట్లు, కాగితం మీద మాత్రం సడలింపు. కొనడానికి చేతిలో డబ్బుంది, కొట్లో పుస్తకాలున్నాయి. 1944 నుంచి ప్రచురణకర్తలు ఏటా పుస్తకాల జాబితా అచ్చేసి పంచుతున్నారు. క్రిస్మస్ ముందు వచ్చే ఆ వెల్లువని వాళ్ళు పుస్తకాల వరద అంటారు.

తమకి వచ్చిన కానుకని ఇంకొకరికి అంటగట్టడం ఈ కాలపు అలవాటేనా?

మార్షల్‌ని అడగండి. ఉంబర్ అనేవాడు అయిదు రోజుల సాటర్నేలియాలో తనకి వచ్చినవన్నీ పోగేసి ఆయనకి పంపాడు. డజను రాత పలకలు, ఏడు పళ్ళపుల్లలు, ఒక స్పాంజి, తుండుగుడ్డ, గిన్నె, కాసిని చిక్కుళ్ళు, ఇంకా ఏవేవో. అన్నీ కలిపితే ముప్పై నాణేలు కూడా చెయ్యవు. మోసుకొచ్చింది మాత్రం ఎనిమిది మంది సిరియా బానిసలు. అయిదు పౌన్ల వెండి అయితే ఒక కుర్రాడు శ్రమ లేకుండా తెచ్చేవాడు కదా అని మార్షల్ గొణిగాడు.